నలభై మూడో నంబరు డ్రమ్ము

జిల్లా పోలీసు ఠాణాలో 2024 జూలై 7, ఆదివారం మధ్యాహ్నం 3 గంటల 10 నిమిషాలకు సార్జెంటు గారు అడుగుతుండగా నేను చెప్పి రాయించినది.

నా పేరు బహారుద్దీన్. తండ్రి పేరు తాలిబ్. వయసు అరవై ఒకటి. ఊరు పాయా మెంకువాంగ్, పెరాక్ రాష్ట్రం. పామాయిల్ తోటల్లోంచి గెలలు మూడు చక్రాల మోటారుబండి మీద కాటా దగ్గరికి చేరవేస్తాను. పద్నాలుగేళ్ళుగా ఊరి ఖబరస్తాన్ కమిటీకి కార్యదర్శిని. భార్య రొకియా చనిపోయింది. పిల్లలు లేరు. హెల్మెట్ లేనందుకు ఒకసారి జరిమానా కట్టాను. అది తప్ప ఇంతవరకూ నా మీద ఏ కేసూ లేదు.

నా మీద పెట్టిన ఆరోపణ చదివి వినిపించారు. ప్రభుత్వం సీలు వేసి మా ఊరి బాడ్మింటన్ షెడ్డులో ఉంచిన రేడియోధార్మిక వ్యర్థం డ్రమ్ము ఒకటి, నంబరు నలభై మూడు, ఈరోజు పొద్దున అనుమతి లేకుండా తీసుకెళ్ళి నా తోడల్లుడు కమరుజ్జమాన్ ఇంటి వరండాలో పెట్టానని. నిజమే, పెట్టాను. ఎందుకు పెట్టానో మొదటినుంచి చెబుతాను. క్లుప్తంగా చెప్పమని సార్జెంటు గారు అంటున్నారు. రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ నన్ను తిప్పించినవాళ్ళెవరూ క్లుప్తంగా తిప్పించలేదు. కాబట్టి కాస్త ఓపిక పట్టాలి.

కమరుజ్జమాన్ నా భార్య చెల్లెలు హస్నా మొగుడు. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. వాడి నిఖాకి సాక్షి సంతకం నాది. వాడికి మోటారుసైకిలు నేర్పింది నేను. నన్ను అన్నయ్యా అంటాడు, నేను జమాన్ అంటాను. మా ఊరి నల్లిసుక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పాత తగరం గనుల దగ్గర మిగిలిన నల్లిసుకలోంచి విలువైన ఖనిజాలు తీసుకుని, మిగతాది తెల్లటి పిండిమన్నులా వదిలేసే ఫ్యాక్టరీ అది. ఆ తెల్లమన్నులో రేడియేషన్ ఉంటుంది. దాన్ని మీటరుతో కొలిచి, ఎవరికీ హాని కాకుండా చూడటం జమాన్ ఉద్యోగం. ఊళ్ళో ఎవరికి ఏ అనుమానం వచ్చినా వాడినే అడిగేవాళ్ళం. చదువుకున్నవాడు, మనవాడు. ఇంకెవరిని అడుగుతాం?

2013 నవంబరు 26, మంగళవారం పొద్దున రొకియా చనిపోయింది. సాయంత్రం నాలుగున్నరకి ఖబరస్తాన్‌కి తీసుకెళ్ళాం. అప్పటికి తొమ్మిది రోజులుగా వాన. మా ఖబరస్తాన్ చిత్తడి నేల. గొయ్యి తవ్వుతుంటేనే అడుగునుంచి నీళ్ళు ఊరాయి. ఆరు బకెట్లతో తోడాం. తోడినకొద్దీ ఊరాయి. మీద కప్పిన చెక్కలు తేలిపోతుంటే గోతిలోకి దిగి కాళ్ళతో అదిమి పట్టుకున్నాను. నాతోపాటు గోతిలోకి దిగినవాడు జమాన్. మొలలోతు బురదలో నిలబడి నీళ్ళు తోడుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపని ఈరోజుకీ నేననను. అక్కడే నాకు అంతుపట్టదు.

రొకియాని నీళ్ళలో దించాం. ఆమెకి ఈత రాదు. చనిపోయిన మనిషికి ఈతెందుకని మీరనుకోవచ్చు. ఆ రాత్రి నుంచి నా బుర్రలో ఆ మాటే తిరిగింది.

అందుకే ఖబరస్తాన్ నేల ఎత్తు పెంచాలని పట్టుబట్టాను. జిల్లా ఆఫీసుకి మూడు అర్జీలు పెట్టాను. నిధులు లేవన్నారు. 2015 మే నెలలో, తేదీ గుర్తులేదు కానీ శనివారం, జమాన్ మా ఇంటికొచ్చాడు. హస్నా చేసిచ్చిన అరటికాయ బజ్జీలు తెచ్చాడు.

"అన్నయ్యా, మన్ను దొరికింది. ఫ్యాక్టరీవాళ్ళు ఊరికే ఇస్తారు. లారీలూ వాళ్ళవే."

"ఏ మన్ను? ఆ తెల్లమన్నేనా?"

"ఒట్టి తెల్లమన్ను కాదు. మామూలు ఇసుకలో కలిపింది. కొలిచాం, హద్దు లోపలే ఉంది. ఆఫీసు కాగితం కూడా ఉంది. చూడు."

"నాకెందుకురా కాగితం. నువ్వు చెప్పు. మంచిదేనా?"

"దాని మీద కూర్చుని టీ తాగుతానన్నయ్యా నేనైతే. చాలా?"

చాలు అన్నాను. బజ్జీలు తిన్నాం.

ఊరికే ఎందుకిచ్చారో నాకు ఏడేళ్ళ తర్వాత తెలిసింది. తెల్లమన్నుకి ఫ్యాక్టరీ గోదాము నిండిపోయింది. ఇలాంటివాటిని శాశ్వతంగా పూడ్చడానికి ఒక చోటు కట్టాలని ప్రభుత్వం ఏళ్ళ తరబడి అనుకుంటోంది. భూమి రాష్ట్రాలది. ఏ రాష్ట్రాన్ని అడిగినా పక్క రాష్ట్రం వైపు చూపించింది. ఈలోపు రూలు ఒకటుంది. గ్రాముకి ఇంత అని ఒక హద్దు. ఆ హద్దు దాటితే వ్యర్థం, దాటకపోతే ఉత్త మన్ను. ఫ్యాక్టరీవాళ్ళు ఒక లారీ తెల్లమన్నులో నాలుగు లారీల ఇసుక కలిపి, కుప్ప పైన పైన కొలిచి, ఉత్త మన్ను అనిపించారు. గోదాము ఖాళీ అయింది. మా ఖబరస్తాన్ ఎత్తు పెరిగింది.

2015 జూన్ 14, ఆదివారం. ఉపవాసాలకి ముందు వచ్చే ఆదివారం ఊరంతా కలిసి గోరీలు శుభ్రం చేస్తాం. మా ఊరి పద్ధతి ఒకటుంది, ఇది రాసుకోండి సార్. దారులు, గట్లు అందరూ కలిసి చేస్తారు. గోరీ మీద మన్ను మాత్రం ఎవరి మనిషికి వాళ్ళే పొయ్యాలి. పరాయి చెయ్యి పడకూడదు. పొద్దున ఎనిమిదింటికి లారీలు మొదలయ్యాయి. పన్నెండు లారీలు. కార్యదర్శిని కాబట్టి ఎవరి గోరీ దగ్గర ఎంత కుప్ప పొయ్యాలో చూపించింది నేనే. నూటా ఆరు గోరీలు. ఇది నేను చేసిన పని. నా పేరు మీదే రాయండి.

రొకియా గోరీ మీద మన్ను నా చేతులతో పోశాను. పార వాడలేదు, చేతులతోనే. మెత్తగా, తెల్లగా, పొడిగా ఉంది. ఇక నీళ్ళు రావు రొకియా అని చెప్పాను. తల వైపు క్రోటన్ మొక్క నాటాను.

పదకొండు గంటలప్పుడు జమాన్ కారు తెచ్చాడు. డిక్కీలోనూ వెనక సీట్లోనూ బస్తాలు. పదకొండు బస్తాలు. విప్పితే ఏటి ఇసుక. వాళ్ళమ్మ జైతున్ గోరీ రొకియా పక్క వరసలో ఉంది. దానికి వాడు లారీ మన్ను పొయ్యలేదు, ఈ ఇసుక పోశాడు. నేను చూసి మురిసిపోయాను. కన్నతల్లికి సొంత డబ్బుతో ఇసుక కొని తెచ్చుకున్నాడని నలుగురికీ చెప్పాను కూడా. వాడి నడుము పట్టేస్తే ఆరు బస్తాలు నేనే మోశాను.

తర్వాత ఏడేళ్ళు ప్రతి శుక్రవారం పొద్దున ఏడున్నరకి గోరీ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. చాప పరుచుకుని ఖురాన్‌లోంచి యాసీన్ చదివి, కలుపు పీకి, ఆ వారం కబుర్లు చెప్పేవాణ్ణి. గంటసేపు. పండగ రోజు ఊళ్ళో పిల్లలంతా అక్కడే కూర్చుని అత్తరు నీళ్ళు చల్లేవాళ్ళు.

2021లో ఫ్యాక్టరీ మూతపడింది. యజమానులు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. 2022 మార్చి 2, బుధవారం పదింటికి రేడియేషన్ లైసెన్సు ఆఫీసునుంచి ఓంగ్ అనే అమ్మాయి మీటరు పట్టుకుని వచ్చింది. ఫ్యాక్టరీ మన్ను ఎక్కడెక్కడికి పోయిందో వెతుకుతున్నారట. మర్యాదస్తురాలు. నన్ను బాబాయ్ అంది, గోరీల మధ్య చెప్పులు విప్పి నడిచింది. మీటరు టిక్కు టిక్కు మంటుంది. కొన్నిచోట్ల నెమ్మదిగా, కొన్నిచోట్ల వడగళ్ళు పడ్డట్టు. రొకియా గోరీ దగ్గర వడగళ్ళు.

"హద్దు లోపలే ఉందన్నారమ్మా. కలిపారు కదా?"

"కలిపితే తగ్గిపోదు బాబాయ్. పరుచుకుంటుంది, అంతే. అదీ సరిగ్గా కలపలేదు. ఇదిగో, ఇక్కడ గడ్డలు గడ్డలుగానే ఉంది."

"నేనిక్కడ కూర్చుంటానమ్మా. వారం వారం."

ఆమె మీటరు కిందికి దించింది. "ఎప్పుడో ఒకసారి వచ్చేవాళ్ళకి ఏం కాదు బాబాయ్. మీరు పరీక్షలు చేయించుకోండి" అంది.

పక్క వరసకి వెళ్ళింది. టిక్కు టిక్కు మంటూ వెళ్ళిన మీటరు ఒక గోరీ మీద సద్దుమణిగింది. పాడైందేమో అనుకుని ఆమె మీటరుని తట్టి చూసింది. బాగానే ఉంది. ఇటు జరిగితే మోత, అటు జరిగితే మోత, ఆ ఒక్క గోరీ మీద దాదాపు నిశ్శబ్దం.

"ఇదెవరిది బాబాయ్? దీనికి వేరే మన్ను వేశారా?"

జైతున్‌ది అని చెప్పాను. ఏటి ఇసుక అని చెప్పాను. ఆమె రాసుకుంది. నా భుజాల మీద ఆ ఆరు బస్తాల బరువు అప్పుడు తెలిసింది. మోసిన రోజు తెలియలేదు.

ఆ సాయంత్రం ఆరింటికి జమాన్ ఇంటికి వెళ్ళాను. "మీ అమ్మకి ఏటి ఇసుక ఎందుకు తెచ్చావురా?" అని అడిగాను. వాడు టీవీ వైపు చూస్తూనే చెప్పాడు. "అమ్మ ఏటి ఒడ్డున పుట్టింది కదన్నయ్యా. ఆ ఇసుకంటే ఇష్టం." నమ్మాను. నమ్మానంటే, నమ్మడానికి ఒప్పుకున్నాను. లేకపోతే హస్నా మొహం ఎలా చూసేది? రొకియా పోయాక నాకు అన్నం పెట్టిన ఇల్లు అదొక్కటే.

అదే ఏడు మే 16, 17, 18 తేదీల్లో తెల్లబట్టల మనుషులు వచ్చి గోరీల మీద మన్ను మూరెడు లోతు తీశారు. చిన్న నీలం ప్లాస్టిక్ డ్రమ్ముల్లో నింపి సీలు వేశారు. రెండు వందల పన్నెండు డ్రమ్ములు. మా పద్ధతి చెప్పాను, పరాయి చెయ్యి పడకూడదని. రూలు ఒప్పుకోదన్నారు. తాడు అవతల నిలబడి చూశాను. రొకియా మన్ను నలభై ఒకటి నుంచి నలభై నాలుగు వరకు. తల వైపు మన్ను, క్రోటన్ మొక్క వేళ్ళతో సహా, నలభై మూడులో పడింది. మొక్క కూడా వ్యర్థమేనట.

డ్రమ్ములు తాత్కాలికంగా బాడ్మింటన్ షెడ్డులో పెట్టారు. నెట్టు కూడా విప్పలేదు. దాని కిందే రెండు వైపులా పేర్చారు. ఆరు నెలలన్నారు. రెండేళ్ళు దాటింది. దేశంలో ఉన్న పెద్ద గోదాముకి పంపమని అర్జీ పెడితే, అది ఆసుపత్రుల చెత్తకీ ప్రయోగశాలల చెత్తకీ మాత్రమేనన్నారు. ఫ్యాక్టరీ చెత్త ఫ్యాక్టరీయే చూసుకోవాలట. ఫ్యాక్టరీ లేదు కదయ్యా అంటే రాష్ట్రాన్ని అడగమన్నారు. రాష్ట్రంవాళ్ళు, అణు సంగతి కేంద్రానిది అన్నారు. కేంద్రంవాళ్ళు, భూమి సంగతి రాష్ట్రానిది అన్నారు. పక్క జిల్లాలో ఒక గుట్ట చూస్తే అక్కడి జనం రోడ్డు మీద అడ్డంగా పడుకున్నారు. వాళ్ళని నేను తప్పుపట్టను. నాకు ముందే తెలిసుంటే నేనూ పడుకునేవాణ్ణి. ప్రతి ఆఫీసులోనూ ఒకటే మాట, కంగారు పడకండి, తక్కువ స్థాయిది. తక్కువ స్థాయిదైతే ఎవరో ఒకరు తీసుకోవచ్చు కదా అంటే మాత్రం ఇంకో ఆఫీసు పేరు చెబుతారు.

షెడ్డుకి కాపలాదారుణ్ణి పెట్టారు. జీతం రావడం లేదని పోయిన నవంబరులో అతను తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆఫీసుకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. కాబట్టి నేను తాళం పగలగొట్టలేదు. ఎనిమిది నెలలుగా ప్రభుత్వ వ్యర్థానికి కాపలా నేనే.

మన్ను తీశాక ఖబరస్తాన్ మళ్ళీ పల్లమైంది. పోయిన వానాకాలం రొకియా గోరీ మీద చీలమండ లోతు నీళ్ళు నిలిచాయి. నేలకి పదేళ్ళ కింద ఎంత ఎత్తుందో ఇప్పుడూ అంతే. ఆమె నీళ్ళలో ఉంది, ఆమె మీద పోసిన మన్ను నెట్టు కింద ఉంది. శుక్రవారాలు ఎటు వెళ్ళాలో తెలియక రెండుచోట్లకీ వెళుతున్నాను.

ఇక మొన్న శుక్రవారం, జూలై 5. జుమ్మా నమాజు తర్వాత రెండున్నరకి ఊరి సమావేశ మందిరంలో మీటింగు. జమాన్ ఇప్పుడు డ్రమ్ముల పని కాంట్రాక్టు తీసుకున్న కంపెనీలో సలహాదారు. కొత్త లేతనీలం చొక్కా వేసుకుని వచ్చాడు. డ్రమ్ములు తీసుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి షెడ్డు చుట్టూ కాంక్రీటు పోసి ఇక్కడే శాశ్వతంగా ఉంచేస్తారట, ఏ హానీ ఉండదట. ఊరు ఒప్పుకుని సంతకాలు చెయ్యాలట.

వెనక వరసలోంచి తిజా పిన్ని లేచింది. ఆమెకి డెబ్బై తొమ్మిదేళ్ళు, ఎవరికీ భయపడదు.

"అంత మంచిదైతే మీ ఇంటికే పట్టుకెళ్ళు నాయనా. మా మనవళ్ళు షటిల్ ఆడుకుంటారు."

జమాన్ నవ్వాడు. "పంపించు పిన్నీ. మా వరండాలో పెట్టుకుంటా. దానిమీద టీ కప్పు పెట్టుకుని తాగుతా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటు కొద్దీ. సగంలో ఆగిపోయాను. తొమ్మిదేళ్ళలో వాడు అబద్ధం కూడా మార్చలేదు. నన్ను మోసం చెయ్యడానికి కొత్త మాట ఒకటి వెతుక్కునే శ్రమ కూడా వాడికి అక్కర్లేకపోయింది. కార్యదర్శిని కాబట్టి మీటింగు పుస్తకంలో ఆ మాట ఉన్నదున్నట్టు రాశాను. పుస్తకం సార్జెంటు గారికి ఇచ్చాను. అనుమతి లేదంటున్నారు కదా, అనుమతి అందులో ఉంది. నలభై మంది విన్నారు.

ఈరోజు పొద్దున పది గంటలకి షెడ్డు తెరిచాను. నలభై మూడో డ్రమ్ము కింది వరసలో ఉంటే మీదిది దించి తీశాను. సీలు ముట్టుకోలేదు. పలక వేసి బండి మీదకి దొర్లించాను. గెలలు మోసే చేతులు కాబట్టి కష్టం కాలేదు. తాడుతో కట్టాను. ఆమెని బండి మీద ఎక్కించుకుని పదకొండేళ్ళయింది. గతుకుల దగ్గర నెమ్మదిగా నడిపాను. పదీ ఇరవైకి జమాన్ ఇంటికి చేరాను.

రొకియా గోరీ మన్ను వరండాలో, టీ బల్ల పక్కన పెట్టాను. హస్నా కిటికీలోంచి చూసి, "వచ్చావా బావా, కూర్చో, టీ పెడతా" అంది. జమాన్ లుంగీ కట్టుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏంటన్నయ్యా పొద్దున్నే..." అని, డ్రమ్ము చూశాడు. దాని మీద పసుపు గుర్తు చూశాడు.

వెనక్కి అడుగేశాడు. ఒకటి. రెండు. మూడో అడుగుకి గుమ్మం తగిలింది. నేను లెక్కపెట్టాను సార్. ఆలోచించుకుని వేసిన అడుగులు కావు అవి. కాళ్ళు వాటంతటవే వేశాయి.

"టీ తెప్పించుకో జమాన్. కప్పు ఇక్కడ పెట్టుకో" అన్నాను.

"పిచ్చెక్కిందా నీకు? తియ్యి దాన్ని! హస్నా, లోపలికి పద! కిటికీలు మూసెయ్!"

తలుపు మూసుకున్నాడు. గడియ పడిన చప్పుడు వినిపించింది. వాడు అప్పుడే మీకు ఫోన్ చేశాడు. నేను వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. వాడు ఫిర్యాదులో బెదిరించాడని రాశాడట, అది అబద్ధం. నాకు చెప్పిన అబద్ధాల్లో ఇది చిన్నది. ఏటి ఇసుక ఎందుకు తెచ్చావని అడిగి రెండేళ్ళయింది. జవాబు ఆ మూడు అడుగుల్లో వచ్చేసింది. వాడికి తెలుసు. మొలలోతు నీళ్ళలో నాతో కలిసి ఆమెని దించినవాడు, అంతా తెలిసే ఆమె మీద ఆ మన్ను పోయించాడు. నా చేతులతో పోయించాడు.

డ్రమ్ము పక్కన నేల మీద కూర్చున్నాను. పారిపోవాలని అనుకోలేదు. కాసేపటికి కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. హస్నా.

"బావా, అది... అక్కదా?"

"అవునమ్మా. తల వైపుది."

కిటికీ మూసుకుంది. తర్వాత గడియ తీసిన చప్పుడు. హస్నా బయటికి వచ్చింది. తల మీద కొంగు సర్దుకుని డ్రమ్ముకి అవతలి పక్కన కూర్చుంది. లోపల్నుంచి జమాన్ పిలిచాడు, "హస్నా, లోపలికి రా, అది మంచిది కాదు!" అని. ఇద్దరం విన్నాం. తొమ్మిదేళ్ళలో వాడు దాని గురించి నిజం చెప్పడం అదే మొదటిసారి. మళ్ళీ పిలిచాడు. ఆమె లేవలేదు.

మీ జీపు పదకొండూ పదికి వచ్చింది. అప్పటిదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

నేను చెప్పింది ఇంతే. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఆశపెట్టలేదు. రాసింది నాకు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. రెండోచోట "వ్యర్థం డ్రమ్ము" అని ఉంటే కొట్టించి "రొకియా గోరీ మన్ను" అని రాయించాను, పక్కన పొట్టి సంతకం పెట్టాను. మొదటిది ఆరోపణలోది కాబట్టి మార్చడం కుదరదన్నారు. ఇందులో అబద్ధం ఉంటే శిక్షకి సిద్ధం.

(సంతకం) బహారుద్దీన్ బిన్ తాలిబ్
సాయంత్రం 5 గంటల 25 నిమిషాలు